పావురాల బండ దగ్గర తాడు పట్టిన రెండు రోజులు

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం. ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. మా వరండా గోడకున్న ఉష్ణమాపకం పదహారు డిగ్రీలు చూపింది. ఆకాశంలో మబ్బు లేదు. హళ్ళిఖేడ్ (బి) చుట్టూ ఉన్న చెరకు తోటల మీద మాత్రం పలుచని మంచు నిలిచి ఉంది. నా భార్య రూతమ్మ, నేను బీదరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఆమెకు అరవై మూడేళ్ళు, నాకు అరవై తొమ్మిది. మేము బయలుదేరింది చిమ్కోడ్ శివారులో ఉన్న పావురాల బండను ఎక్కడానికి. ఖచ్చితంగా చెప్పాలంటే ఎక్కేది ఆమె. కింద నిలబడి తాడు పట్టేది నేను.

ఈ వయసులో ఈ ప్రయాణం ఎందుకని అడిగేవారికి కారణం చెప్పవలసి ఉంది. రూతమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు నర్సమ్మగా పనిచేసింది. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఎండనక, వాననక ఊరూరా ఒంటరిగా నడిచిన మనిషి. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద జారిపడింది. కుడి మడమకు పైన ఎముక విరిగింది. తరువాత అతికింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక ఎక్కడికైనా వెళ్ళవచ్చునని చెప్పి పది నెలలైంది. అయినా నేను ఆమె మోచేయి వదలలేదు. మెట్టు దగ్గర, గట్టు దగ్గర, బస్సు దగ్గర, చివరికి మా వాకిట్లో కూడా పట్టుకునే నడిపించాను. సంతపూర్‌లో ఉన్న అక్క దగ్గరకు ఒంటరిగా వెళ్ళి వారం రోజులు ఉండి వస్తానని ఆమె నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ నేను ఒప్పుకోలేదు.

ఐదోసారి ఆమె అడగలేదు. చిమ్కోడ్ దగ్గర రేఖ అనే అమ్మాయి తన పొలం ఆనుకుని ఉన్న బండ మీద ఎక్కడం నేర్పుతోందని చర్చిలో ఎవరో చెప్పగా విని వచ్చింది. వచ్చీరాగానే చెప్పు విడవకుండా నా ఎదుట నిలబడింది.

"నేను గా బండ ఎక్కుత. ఎక్కితే సంతపూర్‌కు ఒక్కదాన్నే పోత. ఎక్కకపోతే బతికినన్ని దినాలు నా చెయ్యి పట్టుకొనే తిరుగు, మళ్ళ అడగ."

నేను ముప్పై ఒక్క ఏళ్ళు చక్కెర కార్ఖానాలో చెరకు బండ్లను తూచిన కాటా గుమాస్తాను. కంటితో చూసి బరువు చెప్పేవారి మాట నేను నమ్మను. అందుచేత నేనూ ఒక షరతు పెట్టాను. తాడు నా చేతిలోనే ఉండాలి. ఆమె సరేనన్నది. ఆదివారం ఆరాధన తప్పకూడదు గనుక శుక్ర, శనివారాలు ఖాయం చేసుకున్నాం.

బస్సు ఆరూ ముప్పై ఐదుకు వచ్చింది. ఎక్కేటప్పుడు అలవాటుగా ఆమె మోచేయి పట్టుకున్నాను. మా రాష్ట్రంలో సర్కారు బస్సులో ఆడవారికి ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఆమె కార్డు కూడా నా దగ్గరే ఉంది. నాకు వయసు రాయితీకి కార్డు చూపాలి. రెండు కార్డులూ నేనే చూపించాను, రెండు టికెట్లూ నా జేబులోనే పెట్టుకున్నాను. ఏడూ నలభైకి బీదరు చేరాం. స్టాండు ఎదుట ఉప్పిట్టు, చాయ్ తీసుకున్నాం. చిమ్కోడ్ బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. ప్రయాణం ముప్పావు గంట.

ఈ బస్సులో మా పక్క సీటులో కూర్చున్నది చిమ్కోడ్ రైతు కుటుంబపు స్త్రీ. ఒళ్ళో ఖాళీ పాలడబ్బా ఉంది. రూతమ్మ తన మేనకోడలి దగ్గర అడిగి తెచ్చుకున్న సల్వారు వేసుకుని, దాని మీద శాలువా కప్పుకుని ఉంది. శాలువా కింద కనిపిస్తున్న ఆ సల్వారును ఆ స్త్రీ చాలాసేపు చూసి, ఎక్కడికని అడిగింది. రూతమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"బండ ఎక్కనీకి పైసలిచ్చి పోతుండ్రా? మా మేకలు ఉట్టిగనే ఎక్కుతయి గదమ్మా!"

"మేకలను ఎవలూ చెయ్యి పట్టుకొని నడిపిస్తలేరు అక్కా. అందుకే ఎక్కుతయి," అన్నది రూతమ్మ.

ఆ స్త్రీ నా వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీలోనుంచి కంది కోసిన చేలను చూశాను.

దిగిన చోట రేఖ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. మనిషి సన్నన, అరచేతులు మాత్రం రాయి కొట్టేవారి చేతుల్లా గరుకుగా ఉన్నాయి. మమ్మల్ని అత్త, మామ అని పిలిచింది. అక్కడినుంచి కిలోమీటరున్నర నడక. రెండు వైపులా గింజ పట్టిన జొన్నచేలు. నల్లరేగడి మీద నడుస్తూ ఉండగానే నేల రంగు మారి ఎర్రనవుతుంది. ఆ ఎరుపు మొదలైన చోట బండ లేస్తుంది. బీదరు కోటకు వాడిన రాయి జాతిదే. జల్లెడలా నిండా రంధ్రాలు. పావురాలు వాటిలోనే గూళ్ళు పెట్టుకున్నాయి, పేరు అలా వచ్చింది. ఆ రంధ్రాలే చేతికీ కాలికీ పట్టు. అయితే రాయి మెత్తన. కొన్ని అంచులు పట్టుకుంటే పొడి అయి రాలుతాయి. ఏది నిలుస్తుందో ఏది రాలుతుందో తట్టి చూసి తెలుసుకోవాలి. ఎక్కదలచిన పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

ఎత్తెంత అని అడిగాను. "నలభై అడుగులుంటది మామా, అందాజ," అన్నది రేఖ. అందాజు నాకు పనికిరాదు. బండ వెనక మేకలు తిరిగే బాట ఒకటి ఉంది. దాని మీదుగా రేఖ, నేను పైకి వెళ్ళాం. ఆ బాటలో మూడు చోట్ల కాలి కింద మొరం కంకర జారుతోంది, రెండో చోట నేను చేతులు ఆనించి పాకవలసి వచ్చింది. పైనుంచి సన్నతాడుకు రాయి కట్టి జారవిడిచి, కిందికి వచ్చి టేపుతో కొలిచాను. ముప్పై ఎనిమిది అడుగులు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. బండ పైన, అంచుకు దూరంగా, రాతిలో దిగగొట్టిన ఇనుప కొక్కేలకు ఒక కడియం. తాడు దాని గుండా పోతుంది. ఒక కొస ఎక్కేవారి నడుము పట్టీకి, రెండో కొస కింద నిలబడినవారి నడుముకున్న ఇనుప బిళ్ళ గుండా వారి చేతికి. ఎక్కేవారు పైకి పోయేకొద్దీ కిందివారు వదులును లాగుతూ ఉండాలి. ఎక్కేవారు జారితే బిగించి ఆపాలి. పిలుపులు రెండే. "గుంజు" అంటే లాగాలి, "ఇడువు" అంటే తాడు వదలాలి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తాడు పట్టేవారు ఎక్కేవారికంటే మరీ తేలికైతే ప్రమాదమట. రేఖ దగ్గర తూకం యంత్రం ఉంది. నేను యాభై మూడు కిలోలు. రూతమ్మ అరవై తొమ్మిది.

"అత్త జారితే అత్త కిందికొస్తది, నువ్వు మీదికి పోతవ్ మామా," అన్నది రేఖ.

"పెండ్లినాటి సంది గదే అయితాంది బిడ్డా," అన్నది రూతమ్మ.

తాడు తానే పట్టుకుంటానన్నది రేఖ. షరతు షరతే అన్నాను. అప్పుడామె నా నడుముకు రాళ్ళ సంచి కట్టవచ్చునని చెప్పింది. గోనెసంచి తెచ్చి రాళ్ళు నింపబోతే ఆపి, ముందు ఖాళీ సంచి తూయమన్నాను. "సంచి ఏముంటది మామా, ఉట్టి సంచేగా!" అని ఆమె నవ్వింది. తూచింది. ఏడు వందల గ్రాములు. దానితో కలిపి ఇరవై కిలోలు చేయించాను. ఇప్పుడు బరువు నా వైపు నాలుగు కిలోలు ఎక్కువ. నా మనసు కుదుటపడింది. భయపడవలసినదేదో దానిని తూచి కట్టేశాననుకున్నాను.

మధ్యాహ్నం దాకా చిన్న రాళ్ళ మీద అభ్యాసం. ఒంటిగంటకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి. మూడూ నలభైకి బండ ముఖం నీడలోకి వచ్చాక రూతమ్మ ఎక్కడం మొదలుపెట్టింది.

ఆమె ఎక్కిన తీరు చూసి రేఖ మెచ్చుకుంది. తొందర లేదు. ప్రతి రంధ్రాన్నీ వేళ్ళతో తట్టి, నమ్మకం కుదిరాకే బరువు మోపేది. సగం దాటాక, ఇంచుమించు ఇరవై నాలుగు అడుగుల దగ్గర, రాయి ముందుకు ఉబ్బి ఉంది. అక్కడ నేరుగా పోవడానికి లేదు. ఒక అడుగు కిందికి దిగి, ఎడమకు జరిగి, పక్క చీలిక పట్టుకుని పోవాలి. కిందికి దిగాలంటే తాడులో వదులు కావాలి.

"ఇడువు!" అని పిలిచింది.

ఆమె కుడికాలు వణకడం నాకు కనిపించింది. అది విరిగిన కాలు. నేను వదలలేదు. పైగా లాగాను.

"ఇడువు అంటున్న!"

"మామా, తాడు ఇడవాలె, గుంజొద్దు!" అని రేఖ అరిచింది. నేను ఇంకా బిగించాను.

కిందికి ఆనబోతున్న పాదం గాలిలోకి లేచింది. చేయి ఊడింది. రూతమ్మ తాడుకు వేలాడుతూ పక్కకు ఊగి బండకు తగిలింది. రంధ్రాలలోనుంచి పావురాలు ఒక్కసారిగా లేచాయి. రాళ్ళ సంచి ఒక బెత్తెడు జరిగిందే తప్ప లేవలేదు. రేఖ నా చేతుల మీద తన చేతులు వేసి, మెల్లగా తాడు వదిలిస్తూ ఆమెను దించింది.

మోచేతి చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. నేను పట్టుకోబోయాను. రూతమ్మ ఆ చేయి వెనక్కు తీసుకుంది. తన సంచిలోనుంచి దూది, మందు తీసి ఒంటిచేత్తో తానే తుడుచుకుంది.

"నేను పడలె," అన్నది నా వైపు చూడకుండా. "నువ్వు గుంజినవ్."

నేను రేఖ వైపు చూశాను. ఆమె తాడు చుడుతూ, "అత్త చెప్పింది నిజమే మామా," అన్నది.

మా బస పొలంలోనే రేకుల గది. రెండు నులక మంచాలు, ఒక బకెట్టు వేడినీళ్ళు. బస, భోజనం, తాడు అన్నీ కలిపి ఇద్దరికీ రెండు వేల నాలుగు వందలు. పొద్దు గూకేవేళ మేమిద్దరం గది ముందు కూర్చున్నాం. షరతు ప్రకారం ఆమె ఎక్కలేకపోయింది. ఆ మాట నేను అంటే ఆమె వాదించదు. మాట ఇచ్చిన మనిషి. ఇక జీవితాంతం నా చేయి పట్టుకునే నడుస్తుంది. నేను కోరుకున్నది అదే. అది అంత దగ్గరగా, నోరు తెరిస్తే చాలు అన్నట్టు ఉంది.

చివరకు ఆమే అడిగింది. "ఇయ్యాల్టిది లెక్కలకు వస్తదా?"

నాకు కార్ఖానా కాటా గుర్తుకు వచ్చింది. బండి కాటా మీద ఉన్నప్పుడు పక్కనున్నవాడెవడైనా పలక మీద కాలు మోపితే ఆ తూకం చెల్లదు. రాసిన అంకె కొట్టివేస్తాం. బండి దిగి, మళ్ళీ ఎక్కాలి. తొక్కినవాడు రైతయినా, కార్ఖానా పెద్దయినా అంతే. ముప్పై ఒక్క ఏళ్ళలో దీనికి నేను ఒక్క మినహాయింపు కూడా ఇవ్వలేదు.

"రాదు," అన్నాను. "కాటా మీద ఇంకొకరి కాలు ఉంది."

"ఎవలిది?"

"నాది."

ఆమె శాలువా సర్దుకుంది. రేపు తాడు రేఖకు ఇచ్చేస్తానని చెప్పాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

"వద్దు. నువ్వే పట్టాలె," అన్నది. "ఇడిసుడు నువ్వు ఈడ నేర్సుకోకుంటే, నేను సంతపూర్ పోయినంక గడపల కూసోని పరేషాన్ అయితవ్. రొట్టె గూడ తినవు."

శనివారం ఉదయం ఏడూ పదికి బండ ముఖం మీద ఎండ పడింది. రాయి ఇంకా చల్లగానే ఉంది. రేఖ ఈసారి పైన, అంచు దగ్గర, తనను తాను కొక్కేనికి కట్టుకుని కూర్చుంది. కింద నేనొక్కణ్ణే. సంచి మళ్ళీ తూయించలేదు.

రూతమ్మ ఎక్కసాగింది. ఆమె కాళ్ళ వైపు చూడకూడదని నిశ్చయించుకున్నాను. నా ముందున్న రాతిని చూస్తూ ఆమె గొంతు మాత్రమే విన్నాను. "గుంజు" అన్నప్పుడు లాగాను. ఉబ్బు దగ్గరకు చేరినట్టు తాడు నిలిచిపోవడం వల్ల తెలిసింది.

"ఇడువు."

నా చేతులు వెంటనే కదలలేదు. ఇది దాచడం న్యాయం కాదు.

"ఇగో... ఇడువు," అన్నది మళ్ళీ. గొంతులో కోపం లేదు.

మూరెడు తాడు వదిలాను. అది నా వేళ్ళ మధ్యనుంచి పోవడం, ఆమె కిందికి దిగడం, ఎడమకు జరగడం, అంతా అరచేతికే తెలిసింది. తలెత్తి చూస్తే ఆమె ఉబ్బు వెనక్కు పోయి కనబడలేదు. ఇంకో జానెడు అడిగింది. ఇచ్చాను. తరువాత "గుంజు" అన్నది. ఆ తరువాత తాడు ఆగకుండా నా దగ్గరకు వస్తూనే ఉంది. పైనుంచి రేఖ ఈల వేసింది.

బండ మీద రూతమ్మ నిలబడింది. కిందినుంచి నాకు ఆమె ముఖం కనబడలేదు. ఎర్రరాయి మీద పడిన ఎండ మిరుమిట్లలో ఆకారం మాత్రమే తెలిసింది. కొంచెంసేపు అలాగే ఉంది. చేయి ఊపలేదు, పిలవలేదు. తాడు దించుకోవడానికి నేను సిద్ధంగా నిలబడ్డాను. అప్పుడు రేఖ కేక వేసింది.

"మామా, అత్త తాడు ఇప్పుతాంది! ఎనక బాటల నడిచొస్తదట!"

"నువ్వు ఆడ్నే ఉండు!" ఇది రూతమ్మ గొంతు. "ఎదురు రాకు!"

తాడు తేలికైపోయింది. దాని కొస బండ అంచు దగ్గర కాసేపు ఆడి, కిందికి వచ్చి నా పాదాల దగ్గర పడింది. రేఖ పైనే ఉండి కొక్కేలకున్న కడియం విప్పుతోంది. అంటే బాటలో రూతమ్మ ఒక్కతే.

ఆ బాట నేను చూశాను. మొరం జారే చోట్లు మూడు. సంచి విప్పుకుని బండ మలుపు దాకా వెళ్ళాను. అక్కడ ఆగాను. పైన ఎక్కడో గులకరాళ్ళు దొర్లిన చప్పుడు అయింది. తరువాత నిశ్శబ్దం. పిలిస్తే పలుకుతుంది. పిలిచాక వెళ్ళకుండా ఉండలేనని నాకు తెలుసు. వెనక్కు వచ్చి రాళ్ళ సంచి మీద కూర్చున్నాను. గడియారం చూడలేదు. అందువల్ల ఎంతసేపు పట్టిందో ఈ కథనంలో రాయలేకపోతున్నాను.

ఆమె చేతిలో ఒక కంది కట్టెతో వచ్చింది. మోకాళ్ళకు ఎర్రమట్టి. రెండో చోట ఆమె కూడా పాకి ఉండాలి. నేను అడగలేదు.

"ఏం చేస్తున్నవ్?"

"కూర్చున్నాను."

"మంచిగ కూసున్నవ్," అని నా పక్కన సంచి మీదే కూర్చుంది. చెమట పట్టి, ఊపిరి వేగంగా ఉంది. పైన ఏం కనబడిందని అడిగాను. "బాటలు," అన్నది. "ఎటు చూసినా బాటలే. నడిచి పోవచ్చు."

పదింబావు బస్సులో బీదరు వచ్చి, స్టాండు దగ్గర అన్నం తిన్నాం. ఔరాద్ బస్సు ఒకటీ ఇరవైకి. సంతపూర్ ఆ దారిలోనే. జేబులోనుంచి ఆమె ఆధార్ కార్డు తీసి ఇచ్చాను. ఆమె దానిని సల్వారు జేబులో పెట్టుకుంది. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. నా చేయి లేచింది.

"సంచి ఇయ్యి. చెయ్యి కాదు," అన్నది.

సంచి ఇచ్చాను. కడ్డీ పట్టుకుని ఎక్కింది. ఎడమకాలు ముందు, కుడికాలు తరువాత. మెట్టు మీద నిలబడిన పడుచువాడొకడు, "తాతా, నువ్వు ఎక్కుతలేవా?" అని అడిగాడు. లేదన్నాను. కిటికీలోనుంచి రూతమ్మ వంగి చెప్పింది. "వచ్చే శనారం వస్త. నేను చేసేదాక ఫోను చెయ్యకు."

నా బస్సు రెండూ ఐదుకు బయలుదేరింది. కండక్టరు ఒకే కార్డు చూసి ఒకే టికెట్టు ఇచ్చాడు. కొంతదూరం పోయాక బియ్యం మూటతో ఎక్కిన ఒకాయన నా పక్క ఖాళీ చూసి, "ఈడ ఎవలన్న ఉన్నరా అన్నా?" అన్నాడు.

"ఎవరూ లేరు. కూర్చోండి," అన్నాను. జరిగి చోటు ఇచ్చాను.

దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు కార్ఖానా వైపు వరసగా నిలిచి ఉన్నాయి. మూడూ పదికి హళ్ళిఖేడ్‌లో దిగాను. నా అంచనా ప్రకారం ఆమె అప్పటికే సంతపూర్ చేరి ఉండాలి. నాలుగింటి దాకా ఫోను రాలేదు. నేను చెయ్యలేదు. నాలుగుంబావు దాటాక ఆమే చేసింది. "చేరిన. అక్క నా సల్వారు చూసి నవ్వుడే నవ్వుడు. నువ్వు రొట్టె తిను," అని పెట్టేసింది.

ఈ యాత్ర చేయదలచిన దంపతులకు నా అనుభవం ఇంతే. రాయి మెత్తన, తట్టి చూసి పట్టుకోవాలి. శుక్రవారం జనం ఉండరు. ఎక్కేవారి కష్టం పైకి కనబడుతుంది. కింద తాడు పట్టినవారి పని తేలికని అనుకోవద్దు. బరువు సరిచూసుకోవచ్చు. కానీ ఎప్పుడు వదలాలో పైనున్నవారి నోటినుంచే వినాలి.

లెక్క తేల్చి రాస్తున్నాను. బండ ఎత్తు ముప్పై ఎనిమిది అడుగులు. ఎక్కిన ప్రయత్నాలు రెండు, చెల్లినది ఒకటి. దెబ్బ ఒకటి, అది నా వల్ల. శుక్రవారం ఇంటినుంచి బయలుదేరినవాళ్ళం ఇద్దరం. శనివారం ఇల్లు చేరింది ఒక్కణ్ణి. లెక్క సరిపోయింది.